నాలుగు ఇంజెక్టర్లూ మార్చేయమన్నారు

ఒడిశాలోని మా రాయగడలో ఈ మధ్య సెకండ్‌హ్యాండ్ డీజిల్ కార్లు కొన్నవాళ్ళు చాలామందే ఉన్నారు. పార్వతీపురం, బొబ్బిలి నుంచి ఎన్‌ఓసీ తీసుకుని వచ్చిన ఏపీ 35 బళ్ళు కొన్ని, ఇక్కడివే ఓడీ 18 బళ్ళు కొన్ని. ఢిల్లీలో పదేళ్ళు దాటిన డీజిల్ బళ్ళు తిరక్కూడదని 2015లో ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) చెప్పిన దగ్గర్నుంచి అక్కడి బళ్ళు కూడా చవగ్గా దొరుకుతున్నాయి. వీళ్ళలో చాలామంది ఏదో ఒక రోజు నాకు ఫోన్ చేసి అడిగేది ఒకటే. "సెల్ఫ్ ఎంత కొట్టినా అందుకోవట్లేదు, ఇంజెక్టర్లు పోయాయంటున్నారు, నాలుగూ మార్చాలట, నిజమేనా?" ఇంజెక్టరు అంటే ఇంజన్ లోపలికి డీజిల్‌ని సన్నగా చిమ్మే ముక్క.

నేను మెకానిక్‌ని కాను. మాది మందుల హోల్‌సేల్ వ్యాపారం. మునిగుడ, బిస్సంకటక్, గుణుపురం, అటు లక్ష్మీపూర్, కాకిరిగుమ్మ మీదుగా కోరాపుట్ దాకా షాపులకి సరుకు ఇచ్చి రావాలి. అంత తిరుగుడుకి డీజిల్ కారే గిట్టుబాటు. నాది 2013 మోడల్, 1,248 సీసీ. ఫియట్ వాళ్ళ 1.3 లీటర్ మల్టీజెట్ ఇంజన్ అది. మన దేశంలో వేరే కంపెనీలు కూడా తమ కార్లలో ఇదే పెట్టుకున్నాయి కాబట్టి దీనికి నేషనల్ ఇంజన్ అని పేరొచ్చింది. మంచి ఇంజన్, ఇప్పటికీ ఆ మాటే చెప్తాను. కానీ ఎంత మంచి ఇంజన్ అయినా, పాత ఓనరు డీజిల్ ఫిల్టరు ఎప్పుడు మార్చాడో ఎవరికీ తెలియని బండిలో ఇంజెక్టర్లు అరగకుండా ఎలా ఉంటాయి?

ముందు లక్షణం గురించి. చాలామంది ఇక్కడే దారి తప్పుతున్నారు. నా బండి పొద్దున్న బాగానే అందుకునేది. ఘాటీ ఎక్కి కోరాపుట్ వెళ్ళి, షాపులో బిల్లు రాసిచ్చి పావుగంటకి బయటికి వచ్చి సెల్ఫ్ కొడితే అప్పుడు మొదలయ్యేది గొడవ. గర్ గర్ మని తిరుగుతూనే ఉండేది తప్ప పట్టుకునేది కాదు. ఇంజన్ కాస్త చల్లారితే మళ్ళీ మామూలే. చలికాలం తెల్లవారుజామున మాత్రమే మొండికేసి, ఒకసారి వేడెక్కాక ఎక్కడ ఆపినా ఇట్టే స్టార్టయ్యే బండికి మొదట అనుమానించాల్సింది హీటరు ప్లగ్గుల్ని, అంటే చల్లటి ఇంజన్‌ని స్టార్టింగ్ కోసం లోపల వేడి చేసేవాటిని. కోరాపుట్ కొండల మీద డిసెంబరు, జనవరి చలికి ఒకటి రెండు హీటరు ప్లగ్గులు పోయినా తెలిసిపోతుంది. వేడి మీద మొండికేస్తే మాత్రం ఇంజెక్టర్ల వైపు చూడాలి. వేడెక్కిన డీజిల్ పల్చబడుతుంది. అరిగిన ఇంజెక్టరు లోంచి ఆ పల్చటి డీజిల్ ఇంకా సులువుగా వెనక్కి జారిపోతుంది.

వెనక్కి అంటే ఎక్కడికని అడిగారు మా బావమరిది. కామన్ రైల్ ఇంజన్‌లో హై ప్రెషర్ పంపు డీజిల్‌ని ఒక లావుపాటి ఉక్కు గొట్టంలోకి తోస్తుంది. దాన్నే రైల్ అంటారు. నాలుగు ఇంజెక్టర్లకీ అందులోంచే సన్నటి పైపులు వెళ్తాయి. కార్లలోకి ఈ పద్ధతి 1997లో ఆల్ఫా రోమియో 156తో వచ్చింది. ఫియట్ వాళ్ళు మొదలుపెట్టిన పనిని బాష్ కంపెనీ తీసుకుని తయారీ దాకా తెచ్చింది. మనం కారు టైరులో 32 పీఎస్‌ఐ గాలి కొడతాం, అంటే సుమారు 2.2 బార్. ఈ రైల్‌లో బండి ఊరికే ఆన్‌లో ఉన్నప్పుడే రెండు మూడు వందల బార్ ఉంటుంది. ఘాటీ ఎక్కుతూ గట్టిగా తొక్కితే వెయ్యి దాటిపోతుంది. ఇంజెక్టరు తెరుచుకోవాలంటే దాని నెత్తిన ఉన్న చిన్న వాల్వు కొంచెం డీజిల్‌ని వదిలేయాలి. ఆ వదిలిన డీజిల్ రిటర్న్ పైపులోంచి ట్యాంకు వైపు పోతుంది. అంతవరకు పద్ధతే. ఆ వాల్వు కూర్చునే చోటు అరిగిందంటే, వదలాల్సినదానికంటే చాలా ఎక్కువ వదిలేస్తుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు పంపు నెమ్మదిగానే తిరుగుతుంది కదా. అది తోసేదంతా ఇటు నుంచి కారిపోతుంటే రైల్‌లో ప్రెషర్ నిలబడదు. కావలసిన ప్రెషర్ వచ్చేదాకా బండి కంప్యూటరు ఇంజెక్టర్లని తెరవనివ్వదు. ఇక ఎంత సెల్ఫ్ కొట్టినా బ్యాటరీ దిగిపోవడమే.

నేను మొదట వెళ్ళిన వర్క్‌షాపులో స్కానర్ పెట్టారు. పి0087 అని కోడ్ వచ్చింది. రైల్‌లో ప్రెషర్ తక్కువ ఉందని దాని అర్థం. అది చూడగానే "నాలుగు ఇంజెక్టర్లూ మార్చేయాలి సార్, అరవై వేలు దాటుతుంది" అన్నారు. ఇంకేమీ విప్పి చూడలేదు. నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది. ఆ కోడ్ ప్రెషర్ తక్కువని చెప్తుంది గానీ ఎందుకు తక్కువో చెప్పదు. ఫిల్టరు మూసుకుపోయినా అదే కోడ్, ట్యాంకు నుంచి వచ్చే పైపులో గాలి దూరినా అదే కోడ్. ప్రెషర్‌ని అదుపు చేసే వాల్వు పాడైనా, హై ప్రెషర్ పంపు అరిగినా, ఆఖరికి ప్రెషర్ సెన్సరు తప్పు చూపించినా అదే రావచ్చు. మా వ్యాపారంలో జ్వరం వచ్చినవాడికి రక్తపరీక్ష లేకుండా ఖరీదైన యాంటీబయాటిక్ రాసేవాళ్ళని చూస్తూనే ఉంటాను. ఇదీ అలాంటి పనే.

అక్కణ్ణుంచి బండి తీసుకుని మా మేస్త్రి దగ్గరికి వెళ్ళాను. ఆయన ఒడియా మనిషి. పాత జీపులు, 407 బళ్ళు బాగుచేసి పండిన చెయ్యి. మనవాళ్ళతో తిరిగి తిరిగి తెలుగు మనకంటే జోరుగా మాట్లాడతారు. "ఏటి బాబూ, కొలవకుండానే మార్చీమన్నారా? ముందు ఫిల్టరు ఇప్పుదాం ఉండు" అన్నారు.

ఫిల్టరు విప్పి అందులోని డీజిల్‌ని తెల్ల ప్లాస్టిక్ మగ్గులో పోశారు. పైన డీజిల్, అడుగున వేరే పొరగా నీళ్ళు, ఆ నీళ్ళ కింద ఇటుక రంగు మడ్డి. మగ్గు వంచితే నీళ్ళు గుండ్రంగా ముద్దలా దొర్లాయి. ఆ మడ్డిని వేలితో తీసి కాగితం మీద రాసి, ఎండలో అటూ ఇటూ తిప్పి చూశారు. దేనికని అడిగితే, "మెరుపు ఉందేమో అని బాబూ" అన్నారు. హై ప్రెషర్ పంపు లోపల అరుగుతుంటే సన్నటి లోహపు పొడి డీజిల్లో కలుస్తుందట. అలా మెరిసే పొడి కనిపిస్తే ఇంజెక్టర్లు మార్చి ప్రయోజనం లేదు. పంపు, రైల్, పైపులు, ట్యాంకు అన్నీ చూసుకోవాలి. లేకపోతే కొత్త ఇంజెక్టర్లు కూడా కొన్నాళ్ళకే పోతాయి. నా అదృష్టం, మెరుపు లేదు. ఉన్నది తుప్పూ నీళ్ళే.

తుప్పూ నీళ్ళూ మాత్రం చిన్న విషయం కాదు. మన తల వెంట్రుక మందం ఇంచుమించు 70 మైక్రాన్లు. ఇంజెక్టరు లోపల కదిలే ముక్కల మధ్య సందు రెండు నుంచి నాలుగు మైక్రాన్లు. అంత సన్నటి సందులో ఆ ముక్కలకి కందెన కూడా డీజిలే. డీజిల్ బదులు నీళ్ళు వెళ్తే రాపిడి మొదలవుతుంది, తుప్పు పడుతుంది. కిరోసిన్ కలిసిన డీజిల్‌కి ఆ జిడ్డు గుణం తగ్గిపోతుంది. కొండల్లోపలి ఊళ్ళలో డ్రమ్ముల్లో, సీసాల్లో అమ్మే డీజిల్ పోయించుకునేవాళ్ళకి నేను చేతులు జోడించి చెప్పేది ఇదే. పాత జీపు దాన్ని తాగి బతికేది, కామన్ రైల్ బతకదు. మాకు ఒడిశాలో డీజిల్ రేటు ఆంధ్ర కంటే తక్కువ. బోర్డరు బంకుల దగ్గర ఆంధ్ర బళ్ళు ట్యాంకు నింపుకుని వెళ్తుంటాయి. అంత అమ్మకం ఉన్న బంకులో డీజిల్ ఎప్పుడూ తాజాగా ఉంటుంది. అలాంటి చోట పోయించుకోవడానికి పది కిలోమీటర్లు ఎక్కువైనా నాకు నష్టం అనిపించదు.

కొత్త ఫిల్టరు వేశాక బండి కొంచెం మెరుగైంది, పికప్ వచ్చింది. వేడి మీద స్టార్టింగ్ మాత్రం మారలేదు. అప్పుడు మేస్త్రి రిటర్న్ టెస్టు చేద్దామన్నారు, అంటే ఒక్కో ఇంజెక్టరు ఎంత డీజిల్ వెనక్కి వదులుతోందో చూడటం. ఆ టెస్టు కిట్టు ఆయన దగ్గర లేదు. నా దగ్గర ఏముంటాయో ఊహించుకోండి. గోడౌన్ నుంచి నాలుగు సెలైన్ సెట్లూ, ఎక్స్‌పైరీ అయిపోయి పారబోసిన 100 మిల్లీలీటర్ల సిరప్ సీసాలు నాలుగూ తెచ్చాను. సీసాలు కడిగి, ఎండబెట్టి, ప్లాస్టరు అంటించి ఒకటి నుంచి నాలుగు దాకా నంబర్లు రాశాను. ఇంజెక్టర్ల నెత్తిన ఉన్న రిటర్న్ పైపులు తీసేసి, వాటి చోట సెలైన్ పైపులు బిగించి ఒక్కోదాన్ని ఒక్కో సీసాలోకి వదిలాం. విప్పిన రిటర్న్ పైపు మూతి కట్టేశాం. బండి వేడి మీద ఉండగానే స్టార్ట్ చేసి వదిలేశాం.

ఒకటి, రెండు, నాలుగు సీసాల్లో చుక్క చుక్కగా పడుతోంది. మూడో సీసాలోకి ధారే. మిగతా మూడింటిలో అడుగు తడిసి వేలు మందం నిండేసరికి మూడోది మెడ దాకా వచ్చేసింది. మేస్త్రి ఏమీ అనలేదు, ఆ సీసా తీసి నా చేతిలో పెట్టారు. అరవై వేల మాటకి జవాబు ఆ సీసాలో ఉంది.

ఒకటి గట్టిగా చెప్పాలి. టెస్టు మధ్యలో మేస్త్రి దగ్గర పనిచేసే కుర్రాడు స్పానర్ తీసుకుని, రైల్ నుంచి ఇంజెక్టరుకి వెళ్ళే ఉక్కు పైపు నట్టు లూజు చెయ్యబోయాడు. పాత డీజిల్ బళ్ళలో మిస్సింగ్ ఎక్కడుందో కనిపెట్టడానికి ఇంజన్ నడుస్తుండగానే ఒక్కో నట్టు వదులు చేసి చూడటం అలవాటు. మేస్త్రి వాడి చెయ్యి పట్టుకుని లాగేశారు. కామన్ రైల్ నడుస్తుండగా ఆ నట్టు మీద స్పానర్ పెట్టకూడదు. వందల బార్ ప్రెషర్‌తో వచ్చే సన్నటి ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత చుక్క తప్ప ఏమీ కనిపించదు. మొదట్లో నొప్పి కూడా పెద్దగా ఉండకపోవచ్చు. లోపల మాత్రం డీజిల్ వేలి వెంబడి పాకి కండని చంపేస్తూ పోతుంది. త్వరగా ఆపరేషన్ చేసి శుభ్రం చేయకపోతే వేలు, ఒక్కోసారి చెయ్యే తీసేయాల్సి వస్తుంది. అలాంటిది జరిగితే పసుపు రాసుకుని ఇంట్లో కూర్చోకండి. వెంటనే సర్జన్ ఉన్న ఆసుపత్రికి వెళ్ళి, హై ప్రెషర్ డీజిల్ లోపలికి పోయిందని స్పష్టంగా చెప్పండి. ఎక్కడైనా లీకు ఉందేమో చూడాలన్నా చెయ్యి పెట్టకండి, అట్టముక్క పెట్టి చూడండి. రిటర్న్ పైపుల్లో అంత ప్రెషర్ ఉండదు కాబట్టే మేం ఆ సీసాల పని చేయగలిగాం.

ఇంజెక్టర్లు బయటికి తీయడం ఒక రోజు పని. మసి పట్టి ఇంజన్ హెడ్‌లో బిగుసుకుపోయాయి. మేస్త్రి రాత్రంతా పెనెట్రేటింగ్ ఆయిల్ పోసి నానబెట్టారు. స్క్రూడ్రైవర్ పెట్టి పెకలించలేదు, పుల్లర్‌తో నిదానంగా లాగారు. తీసిన ప్రతి ఇంజెక్టరుకీ నంబరు కట్టి, ఏ కన్నంలోది ఏదో రాసుకుని, కన్నాలకి శుభ్రమైన గుడ్డ కుక్కారు. లోపల మసిపెళ్ళ పడితే పిస్టన్ మీదికే.

నాలుగింటినీ మూతలు పెట్టి, గుడ్డలో చుట్టి పాసింజర్ రైల్లో విశాఖపట్నం పట్టుకెళ్ళాను. పంపు, నాజిల్ పని చేసే షాపులో టెస్ట్ బెంచ్ ఉంది. ఇంజెక్టరుని దానికి బిగించి ఫుల్ లోడ్, సగం లోడ్, ఐడిల్, అసలు ఇంజెక్షన్‌కి ముందు పడే చిన్న చుక్క అంటే ప్రీ ఇంజెక్షన్, ఇలా ఒక్కో దశలో ఎంత డీజిల్ కొడుతోందో, ఎంత వెనక్కి వదులుతోందో కొలుస్తారు. పక్కనే కంపెనీ ఇచ్చిన హద్దులు ఉంటాయి. మూడోదాని రిటర్న్ హద్దు దాటి ఎక్కడికో పోయింది. ఒకటోదాని రిటర్న్ బాగానే ఉంది, ప్రీ ఇంజెక్షన్ మాత్రం తేడాగా ఉంది. రెండు, నాలుగు హద్దుల్లోనే ఉన్నాయి.

"గురువుగారూ, ఇవి సోలెనాయిడ్ రకం కాబట్టి బాగవుతాయి. పీజో రకమైతే కొత్తది కొనుక్కోమనేవాణ్ణి" అన్నాడు షాపాయన. సోలెనాయిడ్ అంటే కరెంటు అయస్కాంతంతో వాల్వు తెరిచేది, పీజో అంటే కరెంటు తగిలితే సాగే స్ఫటికంతో తెరిచేది. మూడోదానికి వాల్వు సెట్టు, నాజిల్ (డీజిల్ చిమ్మే కొన) రెండూ, ఒకటోదానికి నాజిల్ కొత్తవి వేశాడు. మిగతా రెండూ శుభ్రం చేసి మళ్ళీ బెంచ్ మీద చూశాడు. విప్పక ముందు ఒక కాగితం, పని అయ్యాక ఇంకో కాగితం అడిగి తీసుకున్నాను. ఈ రెండు కాగితాలూ ఇవ్వని షాపులో పని చేయించకండి. రాకపోకలు, మేస్త్రి కూలీ అన్నీ కలిపినా ఇరవై వేలు దాటలేదు.

బిగించేటప్పుడు చూసుకోవాల్సినవి మా మేస్త్రి దగ్గర నేర్చుకున్నాను. ఇంజెక్టరు కింద ఉండే రాగి వాషరు పాతది మళ్ళీ వేయకూడదు, కొన్నిసార్లు పాతది కన్నంలోనే అతుక్కుని ఉండిపోతుంది, టార్చి వేసి చూడాలి. వాషరు కూర్చునే చోట మసి గీకి చదును చేయాలి, లేకపోతే కంప్రెషన్, అంటే సిలిండరులో నొక్కుకున్న గాలి, పక్కనుంచి తన్నుకొస్తుంది. క్లాంపు బోల్టు చేతివాటంతో కాకుండా టార్క్ రెంచ్‌తో బిగించాలి. ఇంజెక్టరు నెత్తిన అక్షరాలూ అంకెలూ కలిసిన కోడ్ ఒకటి చెక్కి ఉంటుంది. కొత్త ఇంజెక్టరు వేసినా, ఒకదాని చోట ఇంకొకటి పెట్టినా ఆ కోడ్‌ని స్కానర్‌తో బండి కంప్యూటరులో ఎక్కించాలి. ఏ ఇంజెక్టరుకి ఎంతసేపు కరెంటు ఇవ్వాలో కంప్యూటరు దాన్ని బట్టే సర్దుకుంటుంది. ఇది చేయకపోవడం వల్లే కొత్త ఇంజెక్టర్లు వేశాక కూడా బండి ఐడిల్‌లో వణుకుతోందని కొందరు వాపోతుంటారు. ఇవన్నీ అయ్యాక ట్యాంకు దింపి కడిగించాం. ఆ మడ్డి వచ్చింది అందులోంచే కదా, దాన్ని అలాగే ఉంచితే విశాఖపట్నం వెళ్ళొచ్చిందంతా దండగ.

ఇంజెక్టర్ క్లీనర్ సీసాలు పోస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. నాజిల్ కన్నాల దగ్గర పట్టిన మసిని అవి కొంతవరకు కరిగించవచ్చు. అరిగిపోయిన లోహాన్ని ఏ మందూ తిరిగి తీసుకురాదు. మందులు అమ్ముకునేవాణ్ణి నేనే చెప్తున్నాను, నమ్మండి.

మొన్న మా బావమరిది గుణుపురంలో ఒక బండి చూసుకుని, "బావా, ఒకసారి వచ్చి చూడండి, అడ్వాన్సు ఇచ్చేస్తాను" అన్నారు. పొద్దున్నే వెళ్ళాం. బానెట్ మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. మేం వస్తున్నామని ముందే నడిపి ఉంచారు. రేపు వస్తాం, మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని చెప్పి వచ్చేశాం. మర్నాడు చల్లటి ఇంజన్ సెల్ఫ్‌కి వెంటనే అందుకుంది గానీ, తెల్ల పొగ కాసేపు ఆగలేదు. పైకవరు తీయించి చూస్తే రెండో ఇంజెక్టరు మొదట్లో తారు లాంటి నల్లటి మడ్డి పేరుకుని ఉంది. చెవి దగ్గర పెడితే చఫ్ చఫ్ మని గాలి కొడుతున్న చప్పుడు. రాగి వాషరు పోయింది. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ మాత్రం గీత దగ్గరే ఉంది, డీజిల్ వాసన లేదు. ఆయిల్ గీత దాటి పెరిగి, డీజిల్ వాసన కొడితే ఇంజెక్టరు లోపలికి కారుతోందని అనుమానించాలి. అలాంటి బండి జోలికే వెళ్ళొద్దని మా బావమరిదికి ముందే చెప్పి ఉంచాను. ఈ బండికి వాషర్ల ఖర్చు, పనికూలీ తగ్గించి బేరం ఆడమన్నాను. అమ్మేవాళ్ళు ఒప్పుకున్నారు. బండి ఇప్పుడు మునిగుడలో మా అత్తవారింటి ముందు ఉంది.

డీజిల్ ఫిల్టరు ఎన్ని కిలోమీటర్లకి మార్చాలో మాన్యువల్లో రాసి ఉంటుంది. మన వైపు వానాకాలం తేమని, కొండ దారుల్ని దృష్టిలో పెట్టుకుని నేను ఆ లెక్క రాకముందే మార్చేస్తున్నాను. మధ్యమధ్యలో ఫిల్టరు అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ వదిలి నీళ్ళు తీయిస్తున్నాను. వానల్లో ట్యాంకు సగానికి తగ్గనివ్వను. ఖాళీ ట్యాంకు గోడలకి తేమ పడుతుంది.

సెలైన్ పైపులు, నంబర్లు రాసిన సీసాలు మా గోడౌన్లోనే ఉన్నాయి. రాయగడ, మునిగుడ వైపు ఎవరి బండి అయినా వేడి మీద మొండికేస్తుంటే, కొత్త ఇంజెక్టర్లకి అడ్వాన్సు ఇవ్వకముందు ఒక ఆదివారం తీసుకురండి. ముందు కొత్త ఫిల్టరు వేయించుకుని రండి, మేస్త్రిని నేను పిలుస్తాను.